గ్లాసులో కడ్డీలు పెట్టి చూపించగానే ఫిల్టరు కొనేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ మా కోనసీమ ఊళ్లలో బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్లు నీళ్ల ఫిల్టర్లు అమ్ముతూ ఇంటింటికీ తిరుగుతున్నారు. అమ్ముకోవడంలో తప్పేం లేదు, వాళ్ల బతుకుతెరువు వాళ్లది. కానీ అమ్మే తీరు చూశాక, అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడక్కుండా మనవాళ్లు వేలకు వేలు పోయడం చూశాక, రాయకుండా ఉండలేకపోతున్నాను. సొంత నుయ్యో బోరో ఉన్న ఇళ్లవాళ్లకి పనికొస్తుంది, మీ జిల్లా పేజీలో కాస్త చోటివ్వండి.

ముందు ఆ గ్లాసుల ఆట సంగతి. ఒక గ్లాసులో మన నూతి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల మెషీన్ నీళ్లు పోస్తారు. రెండింటిలోనూ లోహపు కడ్డీలు దించి ప్లగ్గు పెడతారు. చూస్తుండగానే మన గ్లాసులో పచ్చగా, గోధుమరంగుగా, చివరికి నల్లగా మడ్డి తేలుతుంది, వాళ్ల గ్లాసు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. "చూశారా అమ్మా, మీ పిల్లలు తాగుతున్నది ఇదే" అంటాడు. ఇంకేముంది, ఇంట్లో ఆడవాళ్లకి టెన్షన్, సాయంత్రానికి అడ్వాన్సు చేతిలో పడుతుంది. నిజానికి ఆ మడ్డి నీళ్లలోంచి వచ్చింది కాదు, చాలావరకు ఆ కడ్డీలోంచే వచ్చింది. నూతి నీళ్లలో లవణాలు ఉంటాయి కాబట్టి కరెంటు పారుతుంది, కరెంటు పారితే కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. వాళ్ల మెషీన్ ఆర్‌ఓ, అంటే నీళ్లని సన్నని పొరగుండా నెట్టి లవణాల్ని వడకట్టేది, ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు పారదు, కడ్డీ కరగదు. మా వీధిలో ఈ ఆట జరుగుతుంటే డిగ్రీ చదువుతున్న పిల్ల ఒకతె వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి వాళ్ల మంచినీళ్ల గ్లాసులో వేసి, ఇప్పుడు పెట్టండి అంది. అదీ మడ్డి తేలింది. "ఉప్పు వేస్తే ఎలాగమ్మా" అని గొణుక్కుంటూ వైరు చుట్టుకుని పక్క వీధికి పోయాడు.

రెండో ఆయుధం టీడీఎస్ మీటరు. పెన్నులా ఉండే ఆ మీటరు నీళ్లు కరెంటును ఎంత మోస్తున్నాయో చూసి, అందులో కరిగిన లవణాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంచనా వేస్తుంది. అంతవరకే దాని పని. మరుగుదొడ్డి గుంట ఊట కలిసిన నీళ్లకి కూడా 300 చూపించొచ్చు, క్రిముల్ని అది లెక్కపెట్టదు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఎముకల్ని వంచేసిన ఫ్లోరైడ్‌నూ అది విడిగా చెప్పలేదు, ఎందుకంటే ఫ్లోరైడ్ విషయంలో గొడవంతా లీటరుకు 1 మిల్లీగ్రాముకీ 1.5 మిల్లీగ్రాములకీ దగ్గర మొదలవుతుంది, ఆ కాస్త తేడా వందల్లో చూపించే మీటరుకి ఎక్కడ తెలుస్తుంది? భారత ప్రమాణం ప్రకారం తాగేనీటికి టీడీఎస్ 500 దాకా మంచిదే, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. 350 చూపించి "డేంజర్ సార్" అనేవాడిని ఏమనాలి? టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ మెషీన్లు ఆపించాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునలే కేంద్రానికి చెప్పింది, నీళ్ల వృథా భరించలేక. ఇళ్లలో పెట్టే మెషీన్ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది మరి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నీళ్లలో ఏముందో తెలియకుండా ఫిల్టరు కొనకండి. ఏ ఒక్క ఫిల్టరూ అన్నింటికీ పనికిరాదు. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి, అంటే ఆర్‌డబ్ల్యూఎస్‌కి, ల్యాబులు ఉన్నాయి. అక్కడ పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), కాఠిన్యం, ఇనుము, ఫ్లోరైడ్, నైట్రేటు, క్లోరైడ్, క్రిములు, ఇవన్నీ చూడమని అడగాలి. ఫిల్టరు ఖరీదు ముందు ఆ ఖర్చు ఏపాటిది? శాంపిల్ పట్టడంలోనే సగం పని ఉంది. మోటారు వేసి పైపులో నిలవ నీళ్లు పోయేదాకా ఐదు పది నిమిషాలు వదలాలి, సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి నింపాలి. క్రిముల పరీక్షకి మాత్రం ల్యాబువాళ్లిచ్చే సీసాయే వాడాలి, దాన్ని తొలవకూడదు, ఐసు పెట్టిన డబ్బాలో అదే రోజు చేర్చాలి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టి రెండ్రోజులు స్కూటీ డిక్కీలో ఉంచి ఇస్తే ఆ రిపోర్టు దేనికీ కొరగాదు.

మా వైపు ఎక్కువ ఇళ్లలో గోల ఇనుముది. తోడినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి, తెల్ల బకెట్లో పట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారి అడుగున మట్టిలాంటిది పేరుకుంటుంది. టీ నల్లగా వస్తుంది, తెల్లచొక్కాలు రెండు ఉతుకులకే పసుపెక్కుతాయి. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటిందంటే ఈ మరకలు మొదలే. ఈ నీళ్లకి తిన్నగా ఆర్‌ఓ తగిలిస్తే కరిగున్న ఇనుము లోపలి మెంబ్రేన్ (ఆ సన్నని పొర) మీద తుప్పుగా పేరుకుని దాన్ని పాడుచేస్తుంది. మెంబ్రేన్ పోయిందండీ, కార్ట్రిడ్జి (లోపల మార్చే వడపోత గొట్టం) పోయిందండీ అంటూ ఏటా మెయింటెనెన్సు చూసే ఏఎంసీవాడు వస్తూనే ఉంటాడు, మనం ఇస్తూనే ఉంటాం.

ఇనుముకి కావలసింది ముందు గాలి. భూమిలో గాలి తగలక కరిగే రూపంలో ఉన్న ఇనుము, గాలి తగలగానే తుప్పయి విడిపోతుంది. అందుకని మోటారు పైపుని తిన్నగా ట్యాంకు అడుగుకి దించకుండా, ట్యాంకు పైభాగాన సన్నబెజ్జాల పైపు బిగించి షవర్‌లా పడేట్టు చేస్తే సగం పని అక్కడే అవుతుంది. కొన్ని గంటలు నిలవుంచి, అడుగు నీళ్లు కాకుండా కాస్త పైనుంచి అవుట్‌లెట్ పెట్టి, అక్కణ్నుంచి ఇసుక, ఇనుము పట్టే మీడియా (గుళికలు) ఉన్న ఫిల్టరులోకి పంపాలి. పీహెచ్ 7 కంటే తక్కువుంటే ఈ తుప్పు పట్టడం బాగా మందగిస్తుంది, ఆ సంగతి రిపోర్టు చూస్తేగానీ తెలియదు. ఫిల్టరుకి బ్యాక్‌వాష్ వాల్వు, అంటే నీళ్లని ఎదురుతిప్పి లోపలి ఇసుకని కడిగేది, ఉందా, బ్యాక్‌వాష్‌కి కావలసిన జోరు మన మోటారు ఇస్తుందా అన్నది కొనేముందే అడగండి. చాలాచోట్ల ఫిల్టరు పెద్దది, మోటారు చిన్నది, లోపలి ఇసుక కదలదు, ఆర్నెల్లకి గట్టిగా పట్టేస్తుంది. బ్యాక్‌వాష్‌లో వచ్చే ఎర్రనీళ్లు పోయే పైపుని నూతి గట్టు పక్కనే వదిలేసే ప్లంబర్లని చూశాను, దాన్ని కాలవదాకా లాగించండి.

సముద్రం దగ్గరి ఊళ్ల కథ వేరు. వేసవిలో నూతి నీళ్లు ఉప్పు తిరుగుతాయి. అక్కడ ఆర్‌ఓ పెట్టుకోవాల్సిందే, ఉప్పుని ఇసుక ఫిల్టరూ ఆపదు, కార్బన్ (బొగ్గు) ఫిల్టరూ ఆపదు. సాఫ్ట్‌నర్ పెడితే ఉప్పు తగ్గుతుందని చెప్పి అంటగడుతున్నారు, అది అబద్ధం. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులుగా సోడియం ఇస్తుంది, గీజరు కాయిల్‌కి తెల్లపెచ్చు పట్టకుండా పనికొస్తుందంతే. ఆర్‌ఓ కూడా తాగడానికీ వంటకీ వంటింట్లో ఒక్కటి చాలు, ఇల్లంతటికీ ఎందుకు? అది వదిలే నీళ్లు బాత్రూములు కడగడానికి వాడుకోండి గానీ, ఉప్పు ఊళ్లలో మొక్కలకి మాత్రం పొయ్యకండి.

ఇక క్రిములు. మా ఇళ్లలో నూతికీ మరుగుదొడ్డి గుంటకీ మధ్య కనీసం 50 అడుగులుండాలంటే స్థలం ఎక్కడుంది? పైగా రెండు గజాలు తవ్వితే నీరు పడే నేల. కాబట్టి నూతికి గట్టు, చుట్టూ సిమెంటు చప్టా, పైన మూత, ఇవి లేకుండా ఏ ఫిల్టరు పెట్టినా దండగ. వానాకాలంలో బ్లీచింగ్ వేసుకోవాలి, మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు. 5 అడుగుల వెడల్పు నూతిలో 10 అడుగుల నీళ్లుంటే సుమారు 5,500 లీటర్లు, అంటే 14 గ్రాములు, గుప్పెళ్లతో కొట్టే పని కాదు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేటనే నూతిలో దించి కలియబెట్టాలి, కనీసం గంట, కుదిరితే రాత్రంతా తోడకూడదు. ఇనుమున్న నీళ్లలో బ్లీచింగ్ వేస్తే నీళ్లు ఎర్రబడతాయి, కంగారు పడొద్దు, క్లోరిన్ కూడా ఇనుముని తుప్పు పట్టిస్తుంది. 2022 జులై వరదల్లోలా నుయ్యే మునిగిపోతే ఈ మోతాదు చాలదు, ముందు మురికి నీళ్లన్నీ తోడిపొయ్యాలి. ఇంట్లో యూవీ, అంటే వెలుగుతో క్రిముల్ని చంపే దీపం, పెట్టుకున్నవాళ్లు దాన్ని అన్నింటికంటే చివర పెట్టించండి. మడ్డి నీళ్లలో, దీపం చుట్టూ తుప్పు పేరుకున్న గాజుగొట్టంలోంచి యూవీ వెలుగు క్రిములదాకా చేరదు. కాచుకుంటే క్రిములు చస్తాయి గానీ ఇనుమూ ఉప్పూ ఫ్లోరైడూ ఎక్కడికీ పోవు.

బిగించేటప్పుడు ఇంకో మాట. ఫిల్టరుకి ముందొకటి, వెనకొకటి ప్రెజర్ గేజులు పెట్టమనండి. రెంటికీ తేడా పెరిగిందంటే కార్ట్రిడ్జి పూడుకుందని మనకే తెలుస్తుంది, వాడొచ్చి చెప్పక్కర్లేదు. బైపాస్ వాల్వు కూడా పెట్టించండి, ఫిల్టరు విప్పిన రోజు ఇంట్లో కుళాయిలు ఆగిపోకుండా. బిగించిన నెలకి, వాళ్ల మీటరుతో కాదు, మళ్లీ ల్యాబులోనే ఫిల్టరు నీళ్లు చూపించండి.

అధికారులకి రెండు మాటలు. పంచాయతీలకి ఫీల్డ్ టెస్ట్ కిట్లిచ్చి ఊళ్లోని ఆడవాళ్లకి నీటి పరీక్షలు నేర్పించాలని, ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. ఆ కిట్లు ఎక్కడున్నాయో, ఎవరు పరీక్ష చేస్తారో గ్రామ సచివాలయం గోడమీద రాస్తే సొంత నూతులవాళ్లమూ శాంపిల్ తెచ్చుకుంటాం. కుళాయి నీళ్లకి చేసిన పరీక్షల ఫలితాలూ అక్కడే అంటించవచ్చు. మీ పత్రికని కోరేది, ల్యాబులు ఎక్కడున్నాయి, ఏ రోజుల్లో శాంపిళ్లు తీసుకుంటారు, ఏ పరీక్షకి ఎంత అన్నది కనుక్కుని జిల్లా పేజీలో వెయ్యండి. వానలు మొదలవకముందు వేస్తే మేలు. ఒకసారి ఇప్పుడు, ఒకసారి వానలు పడ్డాక చూపించుకుంటేనే నూతి సంగతి పూర్తిగా తెలిసేది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం దగ్గరి పల్లె, కోనసీమ