రెప్పల జబ్బులు కంటి జబ్బులు కావా?

సంపాదక మహాశయా,

మా మండల కేంద్రంలో కంటి వైద్య శిబిరం విజయవంతమైందని గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. శుక్లాల ఆపరేషన్లకు ఎందరిని ఎంపిక చేశారో, ఎన్ని కళ్లద్దాలు పంచారో వివరంగా రాశారు. ఎవరిని తిప్పి పంపారో మాత్రం రాయలేదు. అలా తిరిగి వచ్చినవారిలో మా వీధి పెద్దావిడ ఒకరు. వయసు మీదపడి కింది రెప్ప లోపలికి ముడుచుకుపోవడంతో వెంట్రుకలు రేయింబవళ్లు నల్లగుడ్డును గీరుతున్నాయి. శిబిరంలో ఆ వెంట్రుకలు పీకి, చుక్కల మందు చేతిలో పెట్టారు. పీకిన వెంట్రుకలు కొన్ని వారాల్లోనే మళ్లీ మొలిచి గుచ్చుకుంటాయని, ఆ రాపిడికి నల్లగుడ్డు మీద పుండుపడి మచ్చ కడితే చూపే పోవచ్చని ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. రెప్ప దగ్గర మాత్రమే మత్తు సూది ఇచ్చి, దానిని బిగించి సరిచేసే చిన్న శస్త్రచికిత్స ఉందనీ చెప్పలేదు.

పుట్టుకతో రెప్ప వాలిన పిల్లల సంగతి ఇంకా బాధాకరం. 'అది అందానికి సంబంధించిన ఆపరేషన్, పెద్దయ్యాక చూద్దాం' అని తల్లిదండ్రులను పంపించివేస్తున్నారు. వాలిన రెప్ప కంటిపాపను కప్పితే ఆ కంటితో చూడడం మెదడు నేర్చుకోదు. చిన్నతనం దాటాక రెప్పను ఎత్తి కట్టినా ఆ చూపు పూర్తిగా తిరిగి రావడం కష్టం. రెప్పను ఎత్తే కండరానికి కొంత బలముంటే దానినే కురచ చేస్తారు, లేకపోతే రెప్పను నుదుటి కండరానికి కలుపుతారు. ఇవేవీ కొత్తగా కనిపెట్టిన చికిత్సలు కావు. వృద్ధులకు ఒకేచోట పదేపదే వచ్చే కురుపును కోసి పారేయకుండా, క్యాన్సరేమోనని పరీక్షకు పంపాలన్న జాగ్రత్త కూడా శిబిరాల్లో కనిపించడం లేదు.

దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. తెలంగాణలో 2018 ఆగస్టు 15న 'కంటి వెలుగు' ఆరంభమై, 2023 జనవరి నుంచి రెండో విడత కూడా నడిచింది. లక్షలాది మందికి కళ్లద్దాలు అందాయి, అందుకు సంతోషమే. కానీ లెక్కకు తేలికగా అందే పనినే పనిగా చూసే అలవాటు మన అధికారులకు బలపడిపోయింది. సమీక్షా సమావేశాల్లో శుక్లాల లక్ష్యం అడుగుతారు, అద్దాల లక్ష్యం అడుగుతారు. రెప్ప జబ్బుతో వచ్చిన మనిషిని ఎక్కడికి పంపారని అడిగే నాథుడు లేడు. నిజానికి రెప్ప, కన్నీటి సంచి బాగోలేని కంటికి ముందు వాటిని నయం చేయకుండా శుక్లం తీస్తే లోపల చీము పట్టే ప్రమాదం ఉంది. కనుక వీటిని పక్కన పెట్టడం శుక్లాల రోగులకూ క్షేమం కాదు.

జిల్లా వైద్యాధికారులు వచ్చే శిబిరం నుంచైనా రెప్పల పరీక్షను తప్పనిసరి చేయాలి. శస్త్రచికిత్స అవసరమైనవారి పేర్లు నమోదు చేసి, రెప్పల నిపుణులున్న ఆసుపత్రికి ప్రభుత్వ వాహనంలోనే పంపాలి. మీ విలేకరి కూడా ఈసారి వేదిక మీది ప్రసంగాలతో పాటు, మందు చుక్కలతో తిరిగి వెళుతున్నవారి మాటలూ రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా