మనీప్లాంటును కొయ్యండి, ఏమీ కాదు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఫ్లాట్ బాల్కనీలో 12 ఏళ్లుగా మనీప్లాంటు పెంచుతున్నాను. మనవాళ్లలో చాలామంది దాన్ని కొయ్యరు, కోస్తే లక్ష్మి పోతుందంటారు. అందుకే ఏ ఇంట్లో చూసినా గోడ పొడవునా బోడి తీగ, చివర్న నాలుగాకులు. నాదీ అలాగే ఉండేది. చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

తీగ కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది కణుపుల మొగ్గల్ని అణచి ఉంచుతుంది. కొస తెగితే అవి మేలుకుంటాయి. ఇది తెలిశాక, ఉగాది వెళ్లగానే ధైర్యం చేసి, జానెడు వదిలి కణుపుకి కాస్త పైన కత్తిరించాను. కోసిన తీగని ముక్కలు చేశాను. ప్రతి ముక్కకీ కణుపు ఉండాల్సిందే. ఉత్త ఆకు నీళ్లలో పచ్చగా ఉంటుంది గానీ కొత్త తీగ వెయ్యదు. కణుపు దగ్గర మెంతిగింజంత గోధుమరంగు బొడిపె ఉంటుంది చూడండి, వేరు అక్కణ్ణుంచే వస్తుంది. జామ్ సీసాలో నీళ్లు పోసి పెడితే మూడు వారాలకి వేలెడు వేళ్లు దిగాయి. వాటిని వేరే కుండీలో కాదు, తల్లి మొక్క చుట్టూనే గుచ్చాను. గుబురు అలా వచ్చింది.

ఆగస్టులో లాల్‌బాగ్ పూల ప్రదర్శన చూసొచ్చి చాలామంది కొత్త కుండీలు కొంటారు. ఈలోపే మీ ఆదివారం అనుబంధంలో కత్తిరింపుల గురించి బొమ్మలతో వేయించండి. ఆ ఆకుల్లోని కాల్షియం ఆక్సలేట్ నోరు మండిస్తుంది, పసిపిల్లలకి అందకుండా పెట్టమని కూడా తప్పక రాయండి.

ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు