ఎడమచెయ్యి కనిపించేలా

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన పాట నాలుగుసార్లు విన్నాను. రెండో చరణానికి ముందు నీ కీబోర్డ్ సోలో నలభై సెకన్లు ఉంది. దాన్ని పదికి కుదించమన్నారని మీ బ్యాండ్ వాళ్ల మీద అలిగావట, అమ్మ చెప్పింది. ఫోన్‌లో అయితే మధ్యలోనే అడ్డం పడతావు. అందుకే రాస్తున్నాను.

ముందు వాళ్ల తరఫున ఒక మాట. సింథ్, అదే శబ్దాన్ని కరెంటుతో పుట్టించే కీబోర్డ్, దాని సోలోలు పాటల్లో కరువవడంలో వాయించినవాళ్ల పాపం కూడా ఉంది. 1970ల్లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్లలో కొందరు మొదలుపెడితే ఓ పట్టాన ఆపేవారు కాదు. మా ఆర్కెస్ట్రాలో నేనూ అదే బాపతు. ఓ పెళ్లిలో గాయని మైకు పట్టుకుని ఎదురుచూస్తుంటే నేను వాయిస్తూనే ఉన్నాను. పెళ్లివారి పెద్దాయన స్టేజి దగ్గరికొచ్చి, "బాబూ, పాట అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడిగాడు.

మినీమూగ్ అనే సింథ్ 1970లో వచ్చింది. మేం మూగ్ అనేవాళ్లం కానీ, దాని వెనకున్న రాబర్ట్ గారి ఇంటిపేరు మోగ్ అనే పలకాలట. మూగకీ మోగడానికీ ఎంత తేడా చూడు! దానికి 44 మెట్లే. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, కార్డ్, అంటే రెండు మూడు స్వరాలు కలిపి వాయించడం కుదరదు. కుడిచెయ్యి స్వరాలు వాయిస్తుంటే ఎడమచేతికి వేరే పని ఉండేది. పక్కనే రెండు వీల్స్, అందులో ఒకటి స్వరాన్ని పైకీ కిందికీ వంచడానికి. మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బ్యాండ్‌లో యాన్ హామర్ మినీమూగ్ మీద వాయించినది విను. గిటార్ తీగ లాగుతున్నాడనే అనుకుంటావు. మీ తాతయ్య వింటే గమకం అనేవారు.

నా కీబోర్డ్‌కీ అలాంటి వీల్ ఉండేది. ఓసారి కచేరీ మధ్యలో దాని స్ప్రింగ్ పోయింది. కిందికి వంచిన వీల్ మళ్లీ మధ్యకి రాలేదు, నా శ్రుతి అలాగే దిగిపోయింది. గాయని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రంతా ఎడమ బొటనవేలితో వీల్‌ని మధ్యలో అదిమిపట్టి ఒంటిచేత్తో లాగించేశాను.

తర్వాత 1983లో యమహా డీఎక్స్7 అనే డిజిటల్ సింథ్ వచ్చింది. ఒకేసారి 16 స్వరాలు, గంటల్లాంటి శబ్దాలు. వీల్ దానికీ ఉంది. కానీ లోపల కొత్త శబ్దం తయారుచేసుకోవడం తలనొప్పి వ్యవహారం, అందుకే చాలామంది కంపెనీ ఇచ్చినవే వాడేశారు. అదే ఏడాది మిడి వచ్చింది, వాద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. కీబోర్డ్‌ని కంప్యూటర్‌కి కలిపి, వాయించినదాన్ని తర్వాత కూర్చుని దిద్దుకోవచ్చు. ఎడమచెయ్యి మెల్లగా మౌస్ పక్కన ఖాళీగా పడిపోయింది. 1990ల మొదట్లో అమెరికాలో గ్రంజ్ అనే రాక్ బాణీ, అంతా గిటార్ల హోరు. ఇప్పుడేమో స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే లెక్కలోకి వస్తుందట. ఇక పాట మధ్యలో వచ్చే వాద్యాల బిట్ కోసం ఆగేదెవరు? రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించిన రోజుల్లో, పల్లవికీ చరణానికీ మధ్య బిట్ అంటే మాకు పండగ. స్టేజి మీద ఒక్క స్వరం జారినా జనం పట్టేసేవారు.

సింథ్ సోలో మళ్లీ వస్తుందా అంటే, కొంత వచ్చిందనే నా లెక్క. 1981లో ఆగిపోయిన మినీమూగ్‌ని మూగ్ పేరున్న కంపెనీయే 2016లోనూ, 2022లోనూ తిరిగి తయారుచేసింది. కానీ పెట్టె వస్తే సోలో వచ్చినట్టు కాదు. స్నార్కీ పప్పీ అనే అమెరికా బ్యాండ్ వాళ్ల 'లింగస్' వీడియోలో కోరీ హెన్రీ కీబోర్డ్ సోలో చూడు, 2014లో విడుదలైంది. జనం హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాద్యగాళ్ల చుట్టూనే కూర్చున్నారు. అది ఎంతసేపైందో నేనెప్పుడూ టైమ్ చూసుకోలేదు.

నీ సోలోకి మాత్రం చూసుకున్నాను, కోప్పడకు. కుడిచెయ్యి చకచకా పరిగెడుతోంది, స్వరాలన్నీ గీసిన గీతల్లా తిన్నగా ఉన్నాయి. ఇరవై రెండో సెకను దగ్గర మాత్రం ఒక స్వరాన్ని కింద నుంచి పట్టుకుని, ఆలస్యంగా పైకి తీసుకొచ్చావు. నేను వెనక్కి తిప్పి విన్నది అదొక్కటే. పది సెకన్లే ఉంచాల్సి వస్తే దాని ముందు ఐదూ, వెనక ఐదూ ఉంచు. మిగతాది వాళ్లు కోసుకోనీ.

అమ్మ సున్నుండలు పంపిస్తోంది, అందరికీ పెట్టు. ఈసారి ఆడియో పంపకు, వీడియో తియ్యి. ఫోన్ నీకు ఎడమవైపు పెట్టు, ఆ చెయ్యి కనిపించాలి.

మీ నాన్న