ధ్వజస్తంభం పనికి మాఘ పౌర్ణమే గడువు: ఊరివారికి, ఊరు వదిలి వెళ్లినవారికి విజ్ఞప్తి

శ్రీరామ.

మన ఊరి పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, ఉద్యోగాల మీద బయట ఊళ్లలో, దేశాల్లో ఉన్న మన బిడ్డలకు రామాలయ కమిటీ తరఫున నమస్కారాలు.

పోయిన ఏడు సంక్రాంతికి గుడి ముందు నిలబడి, "వచ్చే ఏడు నవమికి కొత్త ధ్వజస్తంభం మీద గరుడ పటం ఎగరేస్తాం" అని మైకులో చెప్పింది నేనే. ఫాల్గుణ శుద్ధంలో ప్రతిష్ఠకు ముహూర్తం కూడా పెట్టించాం. కానీ స్తంభానికి రాగి రేకు తొడిగే పనివాళ్లు ఇచ్చిన రేటు మాఘ పౌర్ణమి దాకానే ఉంటుంది. ఆ తర్వాత మార్కెట్లో ఏ రోజు ధర ఆ రోజే అని తేల్చి చెప్పేశారు. పట్టుమని రెండు వారాలు కూడా లేవు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

మన స్తంభం సంగతి పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నారేప చెట్టు మానును అడవి నుంచి ఎడ్లబండ్ల మీద తెచ్చి నిలబెట్టారని మా తాత చెప్పేవాడు. సముద్రం గాలి తిరిగితే చాలు, పైనున్న చిరుగంటలు మోగేవి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పట్టపుపాళెంలోని జాలరి తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చి ఈ స్తంభం చుట్టూనే కూర్చున్నారు. 2021 నవంబరులో పెన్న నదికి వరద వచ్చి, నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్ట తెగి, హైవే ఆగిపోయిన రోజుల్లో మన గుడి మంటపంలో పొయ్యి ఆరలేదు. ఎవరి ఇంట్లో బియ్యం వాళ్లు తెచ్చి పోశారు. ఎవరు ఎంత పోశారని ఆరోజు ఎవరూ లెక్క అడగలేదు.

ఆ వరద నీళ్లే స్తంభం మొదట్లో నిలిచిపోయాయి. 2024 కార్తీకంలో దీపం పెట్టబోతూ పీఠం దగ్గర రేకు కొంచెం పక్కకు లాగి గోటితో గీరి చూశాను. చెక్క తడిసిన అటుకుల ముద్దలా ఊడొచ్చింది. సగం వేలు లోపలికి దిగింది. లోపలంతా చెదలు. మరుసటి వారమే శాంతి చేయించి దించేశాం.

స్తంభం లేకపోతే ధ్వజారోహణం లేదు, ధ్వజారోహణం లేకపోతే పిల్లలు కావాలనుకునేవారికి పెట్టే గరుడ ముద్ద ప్రసాదం లేదు. పోయిన నవమికి సంతానం కోసం కొంగు పట్టుకుని వచ్చిన ఆడబిడ్డలకు ఏం చెప్పాలో తెలియక అర్చకులవారూ నేనూ తలదించుకున్నాం. గర్భగుడిలో స్వామి ఉన్నాడు, కాదనను. కానీ గుడికి వచ్చినవాడు మొదట దండం పెట్టేది ధ్వజస్తంభానికే కదా. ఇప్పుడు అక్కడ గుంట మీద కప్పిన బండ ఒకటే ఉంది.

ఇక లెక్క. మొదటి అంచనా 18 లక్షలు, ఇప్పుడు 26 అవుతోంది. వచ్చింది 17 లక్షల చిల్లర. సుమారు తొమ్మిది లక్షలు తక్కువ. వివరం కావలసినవారికి పుస్తకం గుడిలోనే ఉంది.

ఎనిమిది లక్షలు ఎందుకు పెరిగిందని టీ అంగడి దగ్గర మాట్లాడుకుంటున్నారట. నన్నే అడగొచ్చు, నేనేమీ అనుకోను. మన దేశానికి రాగి ఖనిజం చాలావరకు బయటి నుంచి ఓడల్లో రావాలి. దాని ధర లండన్ మార్కెట్లో డాలర్లలో కడతారు. కరెంటు తీగలకు, బ్యాటరీ బండ్లకు ప్రపంచమంతా రాగి కావాలంటోంది, రేటు ఎక్కి కూర్చుంది. దానికి తోడు 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. ఆ రెండు దెబ్బలూ మన స్తంభం రేకు మీదే పడ్డాయి. బంగారు పూత మాటైతే తులం లక్ష దాటినప్పుడే మానుకున్నాం.

పీఠానికి, బలిపీఠానికి రాయి ఆళ్లగడ్డలో చెక్కిస్తున్నాం. చెక్కుడు కూలి పెద్దగా పెరగలేదు, లారీ బాడుగే పెరిగింది. గట్టిగా అడిగితే లారీ ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించాడు. డీజిలు, టైర్లు, టోలు, డ్రైవరు బత్తా అన్నీ వరసగా రాసుకున్నాడు. "తిరుగు లోడు దొరక్కపోతే ఖాళీగా పోవాలి సామీ, ఆ డీజిలు ఎవరు పోస్తారు?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, మంచిదే. కానీ ధ్వజస్తంభానికి పట్టే సిమెంటు ఎంతని?

ఇచ్చే చేతులు కూడా ఇరుకునపడ్డాయని నాకు తెలుసు. నాకూ రెండెకరాల రొయ్యల గుంట ఉంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ పోయే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవలసి వచ్చింది. పది, పదిహేను రోజులు ఎక్కువ ప్రయాణం అంటే కంటైనరు బాడుగ పెరిగినట్టే. ఆ పెరిగింది ఎక్స్‌పోర్టువాళ్లు మన కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రేటులోనే కోస్తారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పోయినప్పుడు గట్టు మీద నిలబడి ఫోన్లో రేటు విని అక్కడే కూలబడ్డాను. మేత రేటు మాత్రం దిగలేదు. కరెంటు పోతే గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు జనరేటరు పెట్టాలి, దానికీ డీజిలే. ఇళ్లలో చూస్తే, పక్కనే కృష్ణపట్నం దగ్గర నూనె ఫ్యాక్టరీలున్నా పామాయిలు మాత్రం ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడెక్కి రావాలి. లీటరు ప్యాకెట్టని అడిగి తెచ్చుకుంటే లోపల గ్రాములు తగ్గి ఉంటున్నాయి. ఇవన్నీ తెలిసీ మీ గడప తొక్కుతున్నాను. వేరే దారి లేక.

మొన్న పాత విరాళాల పుస్తకం తీశాను. కాగితాలు పసుపు రంగుకు తిరిగాయి. పేర్ల పక్కన రూపాయలు తక్కువ, వడ్లు ఎక్కువ. ‘అర పుట్టి’, ‘రెండు తూములు’. ఒకచోట ‘కోడిపెట్ట అమ్మి, అయిదు రూపాయలు’. ఆ ఇంటివాళ్ల మనవడు ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. మన వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే దండం బొమ్మ పెడతాడు. నాయనా, నీ దండం స్వామికి చేరుతోంది, మీ అవ్వ రాయించిన పుస్తకంలో నీ పేరు కూడా ఒక్కసారి చూడాలని ఉంది.

డబ్బు ఇవ్వలేనివారికి ఒక మార్గం చెప్తాను. కమిటీలో అందరూ ఒప్పుకున్నదే. రాగి రేటు పెరిగిందంటే మీ అటక మీదున్న రాగి బిందె రేటు కూడా పెరిగినట్టే. అమ్మమ్మల నాటి కాగులు, చిల్లు పడ్డ చెంబులు, విరిగిన ఇత్తడి కుందులు ఏవున్నా తెచ్చివ్వండి. పాత లోహానికి తూకం కట్టి ఆ రోజు ధరకు మన బిల్లులో తగ్గించుకుంటామని పనివాళ్లు ఒప్పుకున్నారు. మీ ఎదుటే తూచి, తూకం రాసి రసీదు ఇస్తాం. వడ్లు ఇచ్చేవారు కోత అయ్యాక పుట్టి గానీ అర పుట్టి గానీ ఇస్తామని ఇప్పుడు మాటిచ్చినా చాలు, ఆ మాట మీద అప్పు తెచ్చుకుంటాం.

వంటశాల రేకులు మార్చాలి, ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టాలి, ప్రహరీ ఒక పక్క ఒరిగింది. ముందు ఇవి చేద్దామని కమిటీలో ఇద్దరన్నారు. వాళ్ల మాట సబబే. స్తంభం ముందు అని పట్టుబట్టింది నేను. అది నిలబడ్డ మరునాడే ఆ పనులు పట్టుకుంటాం.

క్యూఆర్ కోడ్ గుడి గోడ మీద, గ్రూపులో రెండు చోట్లా ఉంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం హారతి అయ్యేదాకా రసీదు పుస్తకంతో నేను మంటపంలోనే ఉంటాను. పెద్దవాళ్లు రాలేకపోతే కబురు పెట్టండి, ఇంటికే వస్తాను.

ఇంకొక్క మాట. పాత స్తంభం చిరుగంటలు పదకొండులో ఏడే దొరికాయి. మిగతావి వరదకు ఎవరి పొలంలోకో, గుంట గట్టు మీదికో కొట్టుకొచ్చి ఉంటాయి. ఎవరికైనా కనబడి ఇంట్లో పెట్టుకుని ఉంటే దయచేసి తెచ్చివ్వండి. కొత్త స్తంభానికి అవే కడతాం.

ఇట్లు,
కార్యదర్శి,
రామాలయ కమిటీ