మా వీధి చివరి గది మూతపడకుండా చూడండి: ఎక్సైజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

మహారాష్ట్ర ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్‌లో పుట్టి పెరిగాను, ఇక్కడే బడిలో పాఠాలు చెబుతున్నాను. నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన రోజూ సాయంత్రం వెళ్లే పర్మిట్ రూమ్, అంటే లైసెన్సుతో కూర్చోబెట్టి మందు పోసే గది, మా వీధి చివర ఉంది. ఆ గది గురించే ఈ లేఖ. టీచరై ఉండి, ఆడదానివై ఉండి మందు కొట్టు తరఫున రాస్తావా అని మా బంధువులే అడిగారు. వాళ్లకు చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను.

అందులో ఉన్నవి ఆరు బల్లలు. గోడలకు ఎప్పుడో వేసిన నీలం రంగు భుజాలు ఆనే ఎత్తులో అరిగిపోయి సిమెంటు కనిపిస్తుంది. కిటికీ పక్క బల్ల మా నాన్న వాళ్లది. గనుల్లో, పేపర్ మిల్లులో, రైల్వేలో పని వెతుక్కుంటూ తెలంగాణ వైపు నుంచి వచ్చినవాళ్లు అక్కడ చేరతారు. ఊరి పేర్లే వాళ్ల పేర్లయ్యాయి. ఒకరు మంచిర్యాల మామయ్య, ఒకప్పుడు పెద్దపల్లి బాబాయి కూడా ఉండేవారు. వాళ్లతోపాటు ఒక మరాఠీ కాకా, రైలు పట్టాల పని చేసి రిటైరైన ఒక గోండు పెద్దాయన కూర్చుంటారు. తెలుగులో మొదలైన మాట మరాఠీలోకి వెళ్లి, హిందీలో తేలుతుంది. ఒకే తెలుగు పేపరు నలుగురి చేతులు మారుతుంది. కళ్లద్దాలు మరిచిపోయి వచ్చినవారికి పక్కవారు చదివి వినిపిస్తారు.

చిన్నప్పుడు ఆ గదిని నేను గడప దగ్గర నిలబడి చూశాను. పిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు. నాన్నను పిలుచుకు రమ్మని అమ్మ పంపినప్పుడు గది యజమాని సేఠ్ కాగితం పొట్లంలో పల్లీలు పెట్టి ఇచ్చి, నన్ను అక్కడే ఉండమని నాన్నను లేపేవారు. జీతాల రోజు మాత్రం అమ్మే వచ్చేది. నాన్న జేబులోని కవరు సేఠ్ తీసుకుని అమ్మ చేతికి ఇచ్చాకే బల్ల మీదకు సీసా వచ్చేది. ఎవరి హద్దు ఎంతో ఆయనకు తెలుసు. ఆ హద్దు చేరగానే దగ్గరకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా గ్లాసు బోర్లించి వెళ్లేవారు. బోర్లించిన గ్లాసును మళ్లీ తిప్పిన మనిషిని నేను చూడలేదు.

తాగుడు వల్ల కాపురాలు కూలలేదని నేను అనడం లేదు. మా వీధిలోనే కూలాయి. 2010లో చిమూరు నుంచి నాగపూర్ అసెంబ్లీ దాకా మహిళలు మద్యనిషేధం కోరుతూ నడిచినప్పుడు వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. పాదాలు బొబ్బలెక్కి ఇంటికి వచ్చింది. 2015 ఏప్రిల్ 1న జిల్లా అంతటా నిషేధం వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం వండుకున్నాం. ఆ సంతోషం నిజమైనది, ఇవాళ కూడా దాన్ని తప్పనను.

తర్వాత ఏం జరిగిందో కూడా కళ్లారా చూశాను. గది మూతపడింది, మందు ఆగలేదు. పక్క జిల్లా నుంచి, నది అవతలి నుంచి సంచుల్లో వచ్చింది. లేబుల్ లేని సీసాను నాన్న పెరట్లో బొగ్గుల బస్తా వెనక దాచుకునేవారు. చీకట్లో ఒక్కరే నిలబడి గబగబా తాగి వచ్చి పడుకునేవారు. గ్లాసు బోర్లించే చెయ్యి లేదు. పెద్దపల్లి బాబాయి అలాగే ఒకరోజు ఒంటరిగా వర్ధా నది ఒడ్డుకు వెళ్లారు. తెల్లవారి బట్టలు ఉతకడానికి వెళ్లినవాళ్లు చూసేదాకా ఆయన అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అప్పటికే ప్రాణం పోయింది. గది ఉన్న రోజుల్లో ఆయన ఏడింటికి రాకపోతే ఏడుంబావుకల్లా ఎవరో ఒకరు సైకిలెక్కి ఇంటికి వెళ్లేవారు.

2021 మే 27న మంత్రివర్గం నిషేధం ఎత్తివేసింది. సేఠ్ షట్టర్ మళ్లీ లేచింది. ఇప్పుడు దాన్ని దించబోతున్నది నిషేధం కాదు, లెక్కలు. 2023 నవంబరులో పర్మిట్ రూమ్‌లో తాగే మందు మీద వ్యాట్ 5 నుంచి 10 శాతానికి పెరిగింది. దుకాణంలో సీసా కొని పట్టుకుపోయేవాళ్లకు ఆ పెంపు లేదు. లైసెన్సు రుసుము 15 శాతం పెరిగింది. 2025 జూన్‌లో ఎక్సైజ్ సుంకం కూడా పెరిగింది. జులై 14న రాష్ట్రమంతా బార్లు నిరసనగా మూసినప్పుడు మా సేఠ్ కూడా షట్టర్ దించారు. ఆ సంగతి తెలియక నాన్న, మంచిర్యాల మామయ్య దాని ముందు అరగంట నిలబడ్డారు. నిషేధం రోజులు మళ్లీ వచ్చాయేమోనని నాన్న అడిగారు.

అయ్యా, ఈ పన్ను పింఛను మనిషికి ఏం చెబుతుందో చూడండి. నలుగురి మధ్య కూర్చుని తాగితే ఎక్కువ, ఒంటరిగా పట్టుకుపోయి తాగితే తక్కువ. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు పాత మనుషులు గదికి రావడం మానేసి సీసాతో నది వైపు వెళుతున్నారు. ఏ నది ఒడ్డో మీకు చెప్పాను.

చిన్న పర్మిట్ రూమ్‌ల మీద వ్యాట్‌ను మళ్లీ 5 శాతానికి దించండి. లైసెన్సు రుసుమును ఊరి జనాభాను బట్టి కాకుండా గది పరిమాణాన్ని బట్టి నిర్ణయించండి. ఆరు బల్లల గదినీ అద్దాల ఏసీ బారునూ ఒకే తూకంలో పెట్టకండి. ఓటు వేసి దుకాణం మూయించే హక్కు మా ఆడవాళ్లకు ఉంది. ఆ ఓటు చీటీ మీద దుకాణం ఉండాలంటే నిలబడిన సీసా, మూయాలంటే పడుకోబెట్టిన సీసా గుర్తులు ఉంటాయి. ఆ హక్కును మాత్రం ముట్టుకోవద్దు. మనిషి హద్దు చూడకుండా పోసే చోటు ఏదైనా మా వీధిలో వెలిస్తే పడుకోబెట్టిన సీసాకు మొదటి ఓటు నాదే.

సేఠ్ లైసెన్సు గడువు మార్చి 31తో ముగుస్తుంది. ఈసారి డబ్బు కట్టాలో వద్దో ఆయన ఇంకా తేల్చుకోలేదు. మీ నిర్ణయం ఆలోపే రావాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
బల్లార్పూర్ నుంచి ఒక గని కార్మికుడి కూతురు