బైండింగ్ మిషన్: ఆదివారం తేల్చేద్దాం

అందరికీ నమస్కారం. ఏ బైండింగ్ మిషన్ కొనాలో తేల్చడానికి ఆదివారం ఉదయం 10 గంటలకు పర్లాకిమిడిలో మన ప్రెస్ దగ్గర కలుద్దాం. బరంపురం నుంచి వచ్చేవాళ్లు ముందురోజే చెప్పండి, భోజనాల లెక్క ఉంది.

నా ఓటు చిన్న పర్ఫెక్ట్ బైండింగ్ (పేజీల వెన్నుకు జిగురు పూసి అట్ట అంటించే) మిషన్‌కే. ధర కంటే ముందు మిల్లింగ్, అంటే వెన్ను గీరే పని, ఎలా చేస్తుందో చూడండి. పుస్తకం వెన్ను గరుకుగా గీరకపోతే హాట్‌మెల్ట్ (వేడికి కరిగే) జిగురు సరిగా పట్టదు, నున్నటి ఆర్ట్ పేపరైతే పేజీలు చేతికొస్తాయి. జిగురు సుమారు 160–180 డిగ్రీల దాకా వేడెక్కాలి. మధ్యలో కరెంటు పోయిందా, పని ఆగినట్టే. సింగిల్ ఫేజ్‌లో నడుస్తుందో లేదో డీలర్‌ని తప్పక అడగండి. పల్చటి పుస్తకాలకు సెంటర్ పిన్నింగ్ (మధ్య మడతలో పిన్నులు కొట్టడం) ఉండనే ఉంది.

కొటేషన్లు శనివారం రాత్రిలోగా ఈ గ్రూపులోనే పెట్టండి. మందంగా ఉన్న తెలుగు, ఒడియా పుస్తకాలు ఒక్కొక్కటి తెండి, కొలతలు తీసుకోవాలి.

గుడ్‌మార్నింగ్ ఫొటోలు అప్పటిదాకా ఆపండి బాబూ, కొటేషన్లు కనబడకుండా పోతున్నాయి!