రెండో రోల్ వెనకున్న వాళ్లందరికీ

నిన్న మా ఫొటోగ్రఫీ క్లాసులో నా ప్రింట్లు ఎనిమిది గోడకెక్కాయి. కింద నా పేరొక్కటే ఉంది. అది నాకు సరిగ్గా అనిపించలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

భర్త ఉద్యోగ వీసాతో పాటు వచ్చే హెచ్4 వీసా మీద అమెరికా వచ్చి, బాబు పెంపకంలో నాలుగేళ్లు గడిచాక కాలిఫోర్నియాలోని కుపర్టినోలో ఉన్న డి ఆంజా కాలేజీలో ఫిల్మ్ ఫొటోగ్రఫీలో చేరాను. ఇక్కడ ఏడాది దాటి నివాసం ఉన్నట్టు చూపిస్తే యూనిట్‌కి 31 డాలర్లే ఫీజు, అందుకే ధైర్యం చేశాను. కెమెరా కొనే పని కూడా లేకుండా మా అపార్ట్‌మెంట్‌లోని గుంటూరు అంకుల్ తన పాత పెంటాక్స్ కే1000 తీసిచ్చారు. "వాడుతూ ఉండమ్మా, ఊరికే ఉంటే లెన్సుకి ఫంగస్ పడుతుంది" అన్నారు.

ఆరు నెలలుండి వెళ్దామని పిల్లల దగ్గరికి వచ్చిన మన అమ్మానాన్నలు నా ప్రాజెక్టు. కాలేజీ ఎదురుగా ఉన్న మెమోరియల్ పార్కులో సాయంత్రాలు కూర్చుంటారు. నేత చీర, పైన స్వెట్టరు, కాళ్లకి కొడుకు కొనిచ్చిన స్పోర్ట్స్ బూట్లు. రెండు వారాలు ఊరికే కబుర్లు చెప్పుకున్నాకే కెమెరా బయటికి తీశాను.

డెవలప్ చేస్తే రోల్ మొత్తం ఖాళీ. ఒక్క బొమ్మా లేదు. గడువు ఇంకా ఎనిమిది రోజులే. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

ల్యాబ్ టెక్నీషియన్ ఆ రోల్‌ని లైటుకి ఎత్తి పట్టుకుని చూశారు. అంచున అంకెలు స్పష్టంగా పడ్డాయి కాబట్టి మందుల తప్పు కాదు, ఫిల్మ్ అసలు కదలలేదు అని చెప్పారు. ఫిల్మ్ కొస, దాన్ని చుట్టుకునే స్పూల్‌లో ఇరుక్కోలేదు. లీవర్ లాగిన ప్రతిసారీ ఎడమ పక్కనున్న రివైండ్ నాబ్ కూడా తిరగాలట. ల్యాబ్ మూసే టైమ్ దాటినా ఉండి, ఒక పాత రోల్‌తో నా చేత మళ్లీ మళ్లీ ఎక్కించారు. నా వేళ్లు వణకడం మానేదాకా వదల్లేదు.

పక్క బల్ల కుర్రాడు రాత్రిళ్లు కిరాణా స్టోర్లో పనిచేసి చదువుకుంటున్నాడు. తన దగ్గరున్న ఆఖరి ట్రై-ఎక్స్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్ నా చేతిలో పెట్టాడు. ఎదురింటి ఆంటీ నాలుగు సాయంత్రాలు బాబుకి పెరుగన్నం పెట్టి నిద్రపుచ్చారు.

రాజమండ్రి మాస్టారి దంపతులకి గురువారం ఫ్లైట్. అడగడానికి నోరు రాలేదు. అయినా ఫోన్ చేస్తే, సగం సర్దిన సూట్‌కేసులు అలాగే వదిలేసి బుధవారం పొద్దున్నే వచ్చేశారు. మాస్టారి భార్య పిన్నిగారు మొన్నటి ఆకుపచ్చ చీరే కట్టుకున్నారు. "ఫొటోలో తేడా రాకూడదుగా అమ్మా" అన్నారు. బ్లాక్ అండ్ వైట్‌లో రంగు తెలియదని చెప్పబుద్ధి కాలేదు.

ఎర్ర లైటు కింద ట్రేలో కాగితం అటూ ఇటూ ఊపుతుంటే ముందు ఆవిడ కళ్లజోడు ఫ్రేము తేలింది, తర్వాత బొట్టు, ఆ తర్వాత చీర అంచు. ఆ నిమిషంలో మీరందరూ నా పక్కనే ఉన్నట్టు అనిపించింది. ఇంత చేసిన మీకు ఎంత చెప్పినా తక్కువే.

మాస్టారిగారి ప్రింటు వాళ్లమ్మాయికి అందజేశాను, వచ్చే నెల రాజమండ్రి తీసుకెళ్తుంది. మిగతా పెద్దలందరికీ తలా ఒక ప్రింటు ఉంది. శుక్రవారం సాయంత్రం అదే బెంచీ దగ్గర ఉంటాను, దయచేసి రండి.